బస్సును బైపాసుకు తోలిన పూర్వపక్షం

ఒక పల్లెలోకి ప్రతిరోజూ తెల్లవారకముందే వచ్చే బస్సును, స్టీరింగు ముట్టకుండా, కేవలం నోటితో ఊరి బయటికి తోలివేసిన మనిషిని మీలో ఎవరైనా చూశారా? చూడనివారు విచారించనక్కరలేదు. ఆ మనిషే ఈ వ్యాసం రాస్తున్నాడు. ఆ బస్సు మీద నాకు ఎటువంటి పగా లేదు. పైగా, దానిని ఊళ్లోనే నిలబెట్టమని ఊరంతా కలిసి నన్ను పంపింది. ఆ పనిని నేను ఎంత శ్రద్ధగా, ఎంత శాస్త్రోక్తంగా చెడగొట్టానో చెబుతాను. నవ్వదలచినవారు నవ్వవచ్చు, కాని వరుసలో కూర్చొని నవ్వాలి.

నేను కడపలో ఒక డిగ్రీ కళాశాలలో తర్కశాస్త్రం బోధించి ఈమధ్యే పదవీ విరమణ చేసినవాణ్ణి; ఈ సంగతి జరిగేనాటికి ఇంకా కొలువులోనే ఉన్నాను. హాజరు పిలిచేటప్పుడు ఆవులించిన విద్యార్థికి గైరుహాజరు వేసేవాణ్ణి; శరీరం వచ్చింది కాని మనస్సు రాలేదని నా నిశ్చితాభిప్రాయం. మా వంటింట్లో కందిపప్పు డబ్బా పక్కన పెసరపప్పు డబ్బాయే ఉండాలి. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ సుభద్ర ఆ రెంటి మధ్య మెంతుల డబ్బా పెట్టింది. దాని మీద నేను చేసిన ఉపన్యాసం ముగిసేసరికి పొయ్యి మీది పప్పు మాడి మసి అయింది.

నాకు తర్కం చెప్పిన గురువుగారు పాతకాలపు పండితులు. ఆయన మాకు మొదటి రోజే ఒక నియమం నేర్పారు. "ఎదుటివాడి మాట నువ్వే ముందు చెప్పు. వాడు చెప్పుకోగలిగిన దానికన్నా బాగా చెప్పు. వాడు లేచి నీకు నమస్కారం పెట్టాలి. అప్పుడు ఖండించు." ఎదుటివాడి మాటను పూర్వపక్షం అంటారు. దానిని ఖండించి మనం నిలబెట్టేది సిద్ధాంతం. పూర్వపక్షం చెప్పకుండా సిద్ధాంతంలోకి దూకడం, కాళ్లు కడుక్కోకుండా భోజనపు పంక్తిలో కూర్చోవడం వంటిదని నేను నమ్మాను. నేటికీ నమ్ముతున్నాను. అదే నా జబ్బు.

ఇక మా ఊరి సంగతి. కడప నుంచి రాజంపేట పోయే దారిలో, ఒంటిమిట్ట దాటిన తరువాత వస్తుంది కొండ్రాయిపల్లె. పాత రోడ్డు మా ఊరి నడుమగా పోయేది. కొత్తగా వేసిన బైపాసు మాత్రం, అప్పులవాణ్ణి చూసిన మనిషిలాగా, ఊరిని తప్పించుకొని గుట్ట అంచున పోయింది. మా వాళ్లు బోరునీళ్లు నమ్ముకొని మల్లెతోటలు వేశారు. రాత్రి తెల్లవారేలోగా మొగ్గలు కోసి, గంపలకెత్తి, మొదటి బస్సుకు కడప పూలబజారుకు తీసుకుపోతారు. మల్లెమొగ్గకు మా కళాశాల విద్యార్థికి ఉన్నంత ఓపిక లేదు. ఎండ తగిలిందా, విచ్చుకుంటుంది. విచ్చుకున్న మల్లెను బజారులో ఎవరూ పలకరించరు.

అటువంటి ఊరికి డిపోవారు కబురు పెట్టారు: బస్సు ఇకమీదట బైపాసు మీదుగానే పోతుంది, మీరు వచ్చి మలుపు దగ్గర ఎక్కవలసి ఉంటుంది, అభ్యంతరాలుంటే బహిరంగ సభలో చెప్పుకోండి అని. ఆ సాయంత్రం సర్పంచి చెన్నారెడ్డి పదిమందిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు.

"సారూ, ఊరి తరఫున మీరే మాట్లాడాల."

"సర్పంచివి నువ్వుండగా నేనెందుకు?"

"నేను మాట్లాడితే ఓట్ల కోసరం అంటారు. మీ బామ్మర్ది వకీలు మాట్లాడితే దుడ్లు తీసుకోని మాట్లాడినాడంటారు. మీరు మాట్లాడితే న్యాయం మాట్లాడినారంటారు."

ఈ మాటకు నేను ఎంత ఉబ్బిపోయానంటే, ఆనాటి నా చొక్కా గుండీలు ఎలా నిలిచాయో నాకు ఇప్పటికీ తెలియదు. చర్చి వీధిలో ఉండే సలోమి అరుగు దిగువన నిలబడి ఉంది. అర ఎకరం నేల, ఆ అర ఎకరం నిండా మల్లె, అదే ఆమె సంసారం. ఆమె అన్నది:

"సారూ, గంప నెత్తిన బెట్టుకోని బైపాసు కాడికి నడిసేటప్పటికి పొద్దెక్కుతాది. మొగ్గ ఇచ్చుకుంటాది. అదొక్క ముక్క ఆ ఆఫీసరుతో చెప్పండి, చాలు."

"ఒక్క ముక్క ఏమిటమ్మా? సాంగోపాంగంగా చెబుతాను."

పాఠకులు దయచేసి గమనించాలి. ఆ ఒక్క ముక్కే చెప్పి కూర్చుని ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

మా బామ్మర్ది ఓబులేసు ఆ రాత్రి భోజనానికి వచ్చాడు. కడప కోర్టులో వకీలు. వాడికీ నాకూ వాదన ఉప్పూకారం వంటిది, లేకపోతే ముద్ద దిగదు.

"బావా, సభలో ఏం మాట్లాడాల అనుకుంటాండావు?"

"ముందు డిపోవారి వాదన చెబుతాను."

"వాళ్ల వాదన వాళ్లు చెప్పుకోరా?"

"చెప్పుకుంటారు. సరిగా చెప్పుకోలేరు."

"చెప్పుకోల్యాకపోతే మనకు మంచిదే కదా!"

"అది ధర్మం కాదు."

"సూడు బావా. కోర్టులో ఎదుటి పక్షం మాట మన నోట్లోంచి వచ్చిందనుకో, దాన్ని ఒప్పుకోలు అంటారు. జడ్జి అది రాసుకోని పెన్ను మూసేస్తాడు."

"మీ కోర్టులో గెలుపు కావాలి. మా శాస్త్రంలో సత్యం కావాలి."

"సలోమక్కకు బస్సు కావాల బావా."

సమాధానం లేనప్పుడు పెద్దవాళ్లు ఏం చేస్తారో నేనూ అదే చేశాను. మజ్జిగ వేయమన్నాను.

సభకు ముందు నేను మరొక ఘనకార్యం కూడా చేశాను. చెన్నారెడ్డి మైకు పట్టుకున్నాడంటే వాళ్ల తాత దిగుడుబావి తవ్వించిన నాటినుంచి మొదలుపెడతాడు; బావిలో నీళ్లు పడేలోపల శ్రోతలు ఇళ్లకు చేరుకుంటారు. అందుచేత డిపో మేనేజరును ముందే కలిసి, వక్తలకు సమయనియమం పెట్టమని పట్టుబట్టాను. ఆయన పేరు అన్వర్ బాషా. బనగానపల్లె దగ్గరి మనిషి, మృదుస్వభావి, నా పాత విద్యార్థుల వయసువాడు.

"ప్రతివారికీ పది నిమిషాలు. గంట కొట్టగానే కూర్చోవాలి. మినహాయింపు ఎవరికీ ఉండకూడదు," అన్నాను.

"మీకు గూడానా సార్?"

"ముఖ్యంగా నాకు."

సభ మా ఊరి బడి వసారాలో జరిగింది. ప్లాస్టిక్ కుర్చీలు వంకరటింకరగా వేసి ఉంటే, నేనే స్వయంగా తాడు పట్టి వరుస సరిచేశాను. గంట దగ్గర బడి అటెండరు నరసింహులు సుత్తి పట్టుకొని నిలబడ్డాడు. ముందుగా అన్వర్ బాషా లేచాడు.

"ఏం ల్యాదండీ, బైపాసులో పోతే రోంత టైము కలిసొస్తాదని మా పైవాళ్లు అంటాండారు. మీరేమంటారో చెప్తే నేను పైకి రాసి పంపిస్తా."

కూర్చున్నాడు. అంతే! పాఠకులారా, ఇది వాదనా? కరువులో పుట్టిన మేకపిల్లలాగా కాళ్లు వణుకుతూ నిలబడి ఉంది ఆ పూర్వపక్షం. దానిని ఖండించడానికి నాకు చేతులు రాలేదు. ముందు దానికి మేత వేయాలి, నీళ్లు పెట్టాలి, కండ పట్టించాలి. ఆ తరువాత గోదాలోకి దింపి పడగొట్టాలి. అదీ నా సంకల్పం.

చెన్నారెడ్డి లేచి, "ఈ బస్సు మాది! మా నాయనల కాలం నుంచి మాది! ఊర్లోకి రాకపోతే రోడ్డు మీద పడుకుంటాం!" అని మూడు అరుపులు అరిచి, చప్పట్లు కొట్టించుకొని, గంటకు ఎంతో ముందుగానే కూర్చున్నాడు. ఏ నియమం వాడికోసం పెట్టించానో, ఆ నియమం వాడిని తాకనే లేదు. హేతువు లేదు, ఉదాహరణ లేదు, పడుకుంటాడట! జాలిగా చూసి, నేను లేచాను.

"సభాసదులారా, మొదట డిపోవారి పక్షాన్ని పరిశీలిద్దాం. కాలం కలిసివస్తుందని వారు క్లుప్తంగా అన్నారు. వారు చెప్పకుండా వదిలివేసిన బలమైన కారణాలు అనేకం ఉన్నాయి."

అన్వర్ బాషా ఉలిక్కిపడి నావైపు చూశాడు.

కాలం సంగతి విస్తరించాను. కడప ఆసుపత్రికి పోయే రోగికి ఒక్కొక్క నిమిషం ఎంత విలువైనదో చెబుతుంటే, ముందు వరుసలో ఒక అవ్వ కళ్లు తుడుచుకుంది. తరువాత డీజిలు. మా ఊరి ఇరుకువీధిలో బస్సు ఎన్నిసార్లు ఆగి, ఎన్నిసార్లు కదిలి, ఎంత పొగ కక్కుతుందో వర్ణించాను.

"సార్, ఒక్క నిమిషం," అన్నాడు అన్వర్ బాషా, జేబులోంచి పెన్ను తీస్తూ. "ఆ డీజిలు సంగతి ఇంకోతూరి చెప్పండి."

ఉద్యోగ జీవితంలో అంత శ్రద్ధగా విన్న విద్యార్థి నాకు తగలలేదు. ఆనందంతో ఇంకోసారి, ఇంకా బాగా చెప్పాను. అక్కడినుంచి బర్రెలు, పిల్లలు, మలుపులో ప్రమాదాలు. అక్కడినుంచి అసలు రత్నం: ఒక్క ఊరి సౌకర్యం కోసం దారిపొడుగునా ఉన్న ప్రయాణికులందరినీ ఆలస్యం చేయడం సమన్యాయమా?

వెనక వరుసలో గుసగుసలు నాకు వినబడుతూనే ఉన్నాయి.

"ఏందిరా, సారు ఎవురి పక్క?"

"మన పక్కేప్పా. ఇప్పుడు తిరుక్కుంటాడు సూడు."

"ఎప్పుడు?"

"పెద్ద లారీ తిరుక్కోవాలంటే రోంత జాగా గావాల్నా వద్దా?"

స్తంభం చాటునుంచి ఓబులేసు గొంతు మీద అడ్డంగా వేలు గీసి చూపిస్తున్నాడు. గొంతు ఎండిపోయింది, నీళ్లు తాగమంటున్నాడనుకొని, ఆగి, గ్లాసెడు నీళ్లు నింపాదిగా తాగాను. అందులో మరికొంత కాలం పోయింది. మూతి తుడుచుకొని, ఛాతీ విరిచి అన్నాను:

"ఇంతవరకు చెప్పినది పూర్వపక్షం. ఇది సమస్తమూ దోషభూయిష్ఠమని ఇప్పుడు అయిదు హేతువులతో నిరూపిస్తాను. మొదటిది, మల్లెమొగ్గ..."

ఠంగు!

నరసింహులు గంట మీద సుత్తి వేశాడు. నా విద్యార్థి కాడు కాని, అంత సమయపాలన నా విద్యార్థులలో సైతం నేను చూడలేదు.

"చెప్పనీయండప్పా సారును!" అని ఊరంతా లేచింది. "రోంత టైము ఇయ్యండి!"

"చెప్పండి సార్, పర్వాల్యా," అన్నాడు అన్వర్ బాషా కూడా.

సలోమి రెండు చేతులు జోడించి నా వైపే చూస్తున్నది. నేను నోరు తెరిచాను. మీరు నమ్మండి, తెరిచాను. సరిగ్గా అప్పుడు నాలోని క్రమశిక్షణ బెత్తం పట్టుకొని లేచింది. నియమం పెట్టించినదెవరు? నేను. మినహాయింపు వద్దన్నదెవరు? నేను.

"నియమం నియమమే," అని చెప్పి కూర్చున్నాను.

అన్వర్ బాషా మెల్లగా లేచాడు. "ఊరి తరఫున వచ్చిన సారే ఇన్ని కారణాలు చెప్పినాక ఇంక నేను ఏం రాసేది? ఒక ఆరు నెలలు బైపాసు మీదనే తిప్పి చూస్తామండీ." పోతూ పోతూ నా దగ్గరకు వచ్చి నమస్కారం పెట్టాడు. మా గురువుగారు చెప్పిన నమస్కారం అదే. నా వాదన శాస్త్రప్రకారం సంపూర్ణంగా సఫలమైంది. బస్సు మాత్రం పోయింది.

ఊరివాళ్లు తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. ఎవరూ తిట్టలేదు. సలోమి దగ్గరకు వచ్చి, "శానా బాగా మాట్లాడినారు సారూ. మీరు చెప్తాంటే నాకే అనిపించింది, బస్సు బైపాసులో పోవడమే మేలని," అన్నది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉండి ఉంటే ఆ రాత్రి కొంతైనా నిద్రపట్టేది.

ఎత్తిపొడుపు కొరత ఇంట్లో తీరింది. "ఏమండీ," అన్నది సుభద్ర. "పెండ్లిచూపుల నాడు మా నాయన మీ అభిప్రాయం అడిగినప్పుడు కూడా ముందు పూర్వపక్షమే చెప్పుంటిరి కదా. నాలో తప్పులన్నీ వరుసబెట్టి చెప్పినారు. ఆ రోజు మా ఇంట్లో గంట ఉండింటే నేను బతికిపోయేదాన్ని."

మరునాటినుంచి నాకు నేనే శిక్ష వేసుకున్నాను. తెల్లవారుజామున నా స్కూటరు మీద మల్లెగంపలు బైపాసుకు చేరవేయడం. ముందొకటి, వెనకొకటి, మధ్యలో తర్కశాస్త్రం. కళాశాలకు పోతే ఒంటినిండా మల్లెల వాసన. సహోపాధ్యాయులు నన్ను చూసి ఒకరినొకరు గిల్లుకునేవారు. వాళ్ల ఊహలు ఏ దారిన పోయాయో ఇక్కడ రాయడం మర్యాద కాదు.

నాకు స్కూటరు ఉంది కనుక బస్సు అవసరం ఎటువంటిదో అంతవరకు నాకు తెలియదు. బైపాసు మలుపులో నీడ లేదు, దీపం లేదు, కూర్చోవడానికి రాయి లేదు. పరీక్షలకు పోయే ఆడపిల్లలు చీకట్లో ఒకరి చేయి ఒకరు పట్టుకొని నిలబడేవారు. మోకాళ్ల నొప్పుల ముసలివాళ్లు సగం దారిలో కూలబడి, బస్సు పోవడం కళ్లారా చూసి, వెనక్కి తిరిగేవారు. ఒకనాడు లారీ విసిరిన గాలికి సలోమి గంప దొర్లింది. తారు రోడ్డు మీద మల్లెలు తెల్లగా పరుచుకున్నాయి. ఆమె ఏమీ అనకుండా వంగి ఏరుకుంటున్నది. నేనూ వంగి ఏరాను. సిద్ధాంతంలో నేను చెప్పదలచిన అయిదు హేతువులలో ఇది లేదు.

ఆరు నెలలు ముగిసే వేళకు అన్వర్ బాషా నాలుగు మామిడిపండ్లు పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. "మా తోటవి సార్," అని బల్ల మీద పెట్టి, చేతులు నలుపుకుంటూ అన్నాడు: "బస్సు సంగతి తేల్చేదానికి పై ఆఫీసరమ్మ వస్తాంది. ఆ రోజు మీరు చెప్పినట్ల చెప్పేవాళ్లు మా డిపోలో ఒక్కరు ల్యారు సార్. ఈతూరి మా తరఫున మీరే మాట్లాడాల."

నాకు ఒళ్లు మండిపోయింది. "నా ఊరికి వ్యతిరేకంగా నేనా?" అని గర్జించబోతుండగా, లోపలినుంచి ఓబులేసు గొంతు వినబడింది. "బావా, ఒక్కసారి ఇట్ల రా."

వంటింట్లో వాడు అప్పటికే ఒక పండు కోస్తున్నాడు.

"ఒప్పుకో బావా."

"నీకు మతి పోయిందా?"

"నీ వాదించే పద్ధతి మార్చుకుంటావా?"

"ప్రాణం పోయినా మార్చుకోను."

"టైము అయిపోయినాక మాట్లాడతావా?"

"నన్నేమనుకుంటున్నావు?"

"మరి ఒప్పుకో."

మొదటి ముక్క తింటున్నప్పుడు నాకు అర్థం కాలేదు. రెండో ముక్క దగ్గర అనుమానం వచ్చింది. టెంక చేతికి వచ్చేసరికి సత్యం సాక్షాత్కరించింది. పక్కనే నిలబడిన సుభద్ర కొంగు నోట్లో కుక్కుకొని గోడ వైపు తిరిగింది.

అయినా నేను ఒకరిని మోసం చేసే మనిషిని కాను. బయటికి వచ్చి స్పష్టంగా చెప్పాను. "నా పద్ధతిలోనే మాట్లాడతాను. మొదట ఎదుటి పక్షం, తరువాత మీ పక్షం. సమయనియమం కూడా ఆనాటిదే ఉండాలి."

"ఆ పద్ధతే గావాల సార్ మాకు!" అన్నాడు అన్వర్ బాషా, రెండు చేతులూ పట్టుకొని. నా అంతరాత్మ శుభ్రంగా చేతులు కడుక్కొని పక్కకు జరిగింది.

రెండో సభకు వచ్చిన అధికారిణి కళ్లద్దాల మీదుగా చూసే మనిషి. నేను డిపో పక్షాన లేవగానే వెనక వరుస మళ్లీ పలికింది.

"సారు ఇప్పుడు ఎవురి పక్క?"

"డిపో పక్క."

"అమ్మయ్య! ఇంక మనకు భయం ల్యా."

"మొదట," అన్నాను, "ఊరివారి పక్షాన్ని న్యాయంగా పరిశీలిద్దాం."

చెప్పాను. మల్లెమొగ్గ సంగతి చెప్పాను. చీకట్లో చేతులు పట్టుకొని నిలబడే ఆడపిల్లల సంగతి, సగం దారిలో కూలబడే ముసలివాళ్ల సంగతి చెప్పాను. తారు రోడ్డు మీద పరుచుకున్న మల్లెల దగ్గరకు వచ్చేసరికి నీళ్లు తాగవలసి వచ్చింది. ఈసారి ఆ నీళ్లు నిజంగా అవసరమయ్యాయి.

"ఇది పూర్వపక్షం. ఇక డిపోవారి సిద్ధాంతానికి వస్తే..."

ఠంగు!

"సార్, సార్!" అన్వర్ బాషా లేచి నిలబడ్డాడు. "ఇంకో పది నిమిషాలు తీసుకోండి సార్! నా టైము గూడా మీరే తీసుకోండి!"

"నియమం నియమమే," అని కూర్చున్నాను. జీవితంలో ఇంత సుఖంగా ఎప్పుడూ కూర్చోలేదు.

అధికారిణి అన్వర్ బాషా వైపు తిరిగింది. "ఏమయ్యా, మీ తరఫున మాట్లాడేదానికి వచ్చినాయనే ఇట్ల చెప్తాంటే ఇంక నేను వినేదేముంది? ఎల్లుండి నుంచి బస్సు ఊర్లోకే రానీ."

ఊరు చప్పట్లు కొట్టింది. చెన్నారెడ్డి ఎందుకైనా మంచిదని రోడ్డు మీద పడుకొని లేచాడు. పాపం అన్వర్ బాషా ముఖం చూడలేక నేను తల దించుకుంటే, ఆయనే నా కుర్చీ దగ్గరకు వచ్చి చెవిలో అన్నాడు: "ఒక మాట చెప్తా సార్, యాడా అనొద్దు. నాకూ ఇదే నయం. బైపాసు కాడ మీ ఊరోళ్ల తిట్లు తినల్యాక సస్తాండా."

చెప్పినట్టే మూడోనాడు తెల్లవారుజామున బస్సు ఊళ్లోకి వచ్చి మా వీధి మొదట్లో ఆగింది. గంపలు ఎక్కించడానికి నేనూ చేయి వేశాను. సలోమి మెట్టెక్కి, వెనుదిరిగి, నవ్వు ఆపుకుంటూ అన్నది:

"సారూ, మీరు మా పక్క మాట్లాడితే బస్సు పాయె. మాకు ఎదురు మాట్లాడితే వచ్చె. మీకు పున్నెముంటాది, ఇంక ఎప్పుడూ మాకు ఎదురుగానే ఉండండప్పా."

బస్సులో ఉన్నవాళ్లందరూ నవ్వారు. కండక్టరు టిక్కెట్లు కొట్టడం మాని మరీ నవ్వాడు. నేను ఎప్పటివలె గంభీరంగా నిలబడి, వరుసలో ఎక్కమని వాళ్లకు చెప్పాను.

కనుక, స్నానం చేసి, తూర్పుముఖంగా కూర్చొని, పూర్తి స్పృహతో ఈ ప్రతిజ్ఞ చేస్తున్నాను. నాకు ప్రాణప్రదమైన ఏ మనిషి పక్షానగాని, ఏ ఊరి పక్షానగాని, ఏ ఆశయం పక్షానగాని, నా కంఠంలో ఊపిరి ఉన్నంతవరకు బహిరంగంగా నోరు విప్పను. మీరు ఓడించదలచిన వారెవరైనా ఉంటే మాత్రం కబురు చేయండి. వారి తరఫున మాట్లాడటానికి వెంటనే బయలుదేరి వస్తాను. ప్రయాణానికి ఇబ్బంది లేదు. బస్సు ఇంటి దగ్గరే ఆగుతుంది.